రెండు ఖాళీ వరుసలు

పెనుకొండ,
9-9-2024, సోమవారం

అమ్మా పవిత్రా,

ఈ కవరు ఈరప్ప చేతికిచ్చి పంపుతున్నాను. అతడు రోజూ టమోటా బుట్టలు వేసుకొని హిందూపురం మార్కెట్టుకు వస్తాడు గనుక తపాలా కంటే అతడే మేలు. జవాబు కూడా అతనికే ఇవ్వు. వాట్సాప్‌లో పెడతానని మాత్రం అనకు. నాకు చెవులు లేవు, ఫోనూ లేదు. ఉన్నదల్లా ఎదురింటి దాసమ్మ ఫోను. దాసమ్మ మన సంఘ పెద్ద చంద్రప్ప భార్య అని నీకు చెప్పక్కరలేదు. నాకు వచ్చిన కబురు నాకంటే ముందు వాళ్ళింట్లో ఉడుకుతుంది.

తగవు ఆ చంద్రప్పతోనే వచ్చింది. నిన్న ఆరాధనలో పాస్టరు అయ్యగారు నిఖిత పెండ్లి ప్రకటన మొదటిసారి చదివారు. నిఖిత అంటే బాలమ్మ కూతురు. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, ఆదివారం తప్పకుండా గుడికి వస్తుంది. పిల్లవాడు ధర్మవరం మగ్గాల వాళ్ళ అబ్బాయి తిరుపాల్. మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలి. నాకు తెలిసి మన గుడిలో ఎవరూ ఎప్పుడూ లేవలేదు. నిన్న చంద్రప్ప లేచాడు.

నాకు వినపడలేదు. అందరి తలలూ ఒక్కసారి వెనక్కు తిరిగితే చూశాను. తర్వాత అయ్యగారు కాగితం మీద రాసి చూపారు. నిఖిత కడుపులో ఉన్నప్పుడు బాలమ్మను ప్రభువు బల్లకు వచ్చి రొట్టె తీసుకోకుండా ఆపారట, భర్త పోయిన మనిషికి బిడ్డ ఎట్లా వచ్చిందో ఆమె చెప్పలేదట. తర్వాత ఆమెను చేర్చుకున్నట్టు గానీ, పిల్లకు బాప్తిస్మం ఇచ్చినట్టు గానీ సంఘ పుస్తకంలో లేదట. కాబట్టి ఈ పిల్ల మన సంఘస్థురాలని ధర్మవరం సంఘానికి పత్రం ఇవ్వకూడదట. పుస్తకం తెరిచి చూశారు. లేదు. "యోహాను మాస్టరు పుస్తకంలో లేనిది మన సంఘంలో జరగలేదు" అని చంద్రప్ప నా మాటే నాకు అప్పజెప్పాడు. ఈ మాట నేను ముప్పై ఏళ్ళుగా అంటున్నదే.

పత్రం లేకపోతే పెండ్లి లేదని పిల్లవాని తండ్రి ముత్యాలప్ప కబురు పెట్టాడు. ఇరవై ఒకటో తేదీ శనివారం కమిటీ కూర్చుంటుంది. ఆ పిల్ల బతుకు ఆ రోజుతో తేలిపోతుంది.

నేను ఆ రోజు రాళ్ళు పట్టుకొచ్చిన వాళ్ళ ముందు నిలబెట్టిన స్త్రీ కథ ఎత్తుకుంటాను. యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయం. పాపం లేనివాడే మొదటి రాయి వేయాలన్న ప్రభువు మాట ముందు ఎవరు నోరెత్తగలరు? కానీ కొత్త అయ్యగారు బెంగళూరులో చదివినవారు, ప్రతిదానికీ "గ్రీకులో ఇట్లుంది" అంటారు. నీ ల్యాప్‌టాప్‌లో గ్రీకు, ఇంగ్లీషు పక్కపక్కన పెట్టి వెతికే సాఫ్ట్‌వేర్ ఉందని పోయిన దసరా సెలవుల్లో చూపించావు కదా. ఆ కథ గ్రీకులో వెతికి, గట్టి మాట ఏదైనా ఉంటే ప్రింటు తీసి పంపు.

ఊర్లో వినాయకుని మైకులు చెవులు పగలగొడుతున్నాయని అందరూ మొరపెడుతున్నారు. నాకైతే హాయిగా ఉంది.

దేవుని కాపుదలలో,
నీ నాయన
బి. యోహాను, విశ్రాంత ఉపాధ్యాయుడు, సంఘ కార్యదర్శి

హిందూపురం,
11-9-2024, బుధవారం

నాయనా,

నాకు ఉత్తరం రాసేటప్పుడు కూడా సంఘ కార్యదర్శి అని సంతకం చేస్తావు చూడు, దానికి నీకొక దండం.

నువ్వు అడిగినట్టే వెతికాను. బడి నుంచి రాగానే కూర్చున్నాను. తెరను మూడు భాగాలు చేశాను. ఎడమ పక్క గ్రీకు, మధ్యలో ఒక ఇంగ్లీషు అనువాదం, కుడి పక్క ఇంకొకటి. గ్రీకు మాట మీద నొక్కితే ఇంగ్లీషులో దాని జత మాటకు పసుపు రంగు వస్తుంది. ఆ మాట ఇంకా ఎక్కడెక్కడ ఉందో అడిగితే, కన్ను మూసి తెరిచేలోగా జాబితా ఇస్తుంది. నాకు ఈ పని ఎంత ఇష్టమో నీకు తెలుసు. పోస్టల్ బైబిలు కోర్సు పరీక్షల కంటే దీనికే ఎక్కువ సమయం పెడుతున్నాను.

కానీ ఈసారి సంతోషం కలగలేదు. నీ కథ మొదలయ్యే చోట గ్రీకులో రెండు చదరపు బ్రాకెట్లున్నాయి. కథ ముగిసే చోట ఇంకో రెండు. ఇంగ్లీషులో కింద గమనిక ఉంది: మిక్కిలి పాత చేతిరాత ప్రతుల్లో ఈ భాగం లేదని. నమ్మలేక ఒక పరీక్ష చేశాను. ఆమెను పట్టుకొచ్చిన శాస్త్రులను వెతికాను. మత్తయిలో, మార్కులో, లూకాలో వాళ్ళు బారులు తీరి ఉన్నారు. నీ పేరున్న సువార్తలో మాత్రం ఒక్కచోటే, ఈ కథలోనే. ఇది యోహాను రాతలో మొదటినుంచీ ఉన్నది కాదేమోనని పండితులు అనేది ఇట్లాంటివన్నీ చూసే.

మన తెలుగు బైబిల్లో కథ ఉంది, నాయనా. అది తీసేయమని నేను అనడం లేదు. కానీ అయ్యగారి దగ్గర కూడా ఇదే సాఫ్ట్‌వేర్ ఉంది. శనివారం నువ్వు ఆ కథ ఎత్తితే, చంద్రప్ప అడక్కపోయినా ఆయన ఈ బ్రాకెట్లు చూపించవచ్చు. అప్పుడు నీ ఒక్క ఆధారమూ పోతుంది. ఆ కథ వద్దు. వేరే దారి చూడు. ప్రింటు ఇందులోనే పెట్టాను.

మాత్రలు వేసుకుంటున్నావా? లేదని ఈరప్ప ముఖం చూస్తేనే తెలిసింది.

నీ
పవిత్ర

పెనుకొండ,
13-9-2024, శుక్రవారం

పవిత్రా,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. నిన్నంతా నాకు అన్నం సహించలేదు.

నలభై ఏళ్ళు ఆదివారపు బడిలో ఆ కథ చెప్పాను. పిల్లలు చేతుల్లో గులకరాళ్ళు పట్టుకొని వచ్చేవాళ్ళు. చివర వాటిని కింద పడేసి వెళ్ళేవాళ్ళు, పెద్దవాళ్ళతో మొదలుపెట్టి. ఆ చప్పుడు నాకు చెవులు ఉన్నప్పటి జ్ఞాపకం. ఇప్పుడు నా కూతురు, నేను రుణం తీసుకొని ఇంగ్లీషు ఎం.ఏ. చదివించిన కూతురు, ఆ కథ అక్కడ లేదు అంటుంది. నిన్ను అడిగింది ఆయుధం. నువ్వు పంపింది అవతలి పక్షానికి పనికొచ్చేది. అయ్యగారు చెప్పమంటే చెప్పావా? ఆయనా నువ్వూ ఒకే కోర్సు, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే మాట.

వేరే దారి చూడమన్నావు. వేరే దారి లేదు. ఉంటే నిన్ను ఎందుకు అడుగుతాను?

ఒక పని చెయ్యి. ఆ బ్రాకెట్లు తీసేసి, కింద ఉన్న గమనిక తీసేసి, శుభ్రంగా ఇంకో ప్రింటు తీసి పంపు. నాలుగు గుర్తులు లేకపోతే ఎవరికీ నష్టం లేదు. ఒక ఆడపిల్లకు మేలు జరుగుతుంది. కమిటీలో గ్రీకు చదివేవాళ్ళు ఎవరూ లేరు. అయ్యగారు చూస్తే చూడనీ, అందరి ముందు నన్ను అబద్ధికుడనే ధైర్యం ఆయనకు లేదు.

మంగళవారం లోగా పంపు.

యోహాను, సంఘ కార్యదర్శి

హిందూపురం,
15-9-2024, ఆదివారం

నాయనా,

పంపను.

ఈ ఒక్క మాట రాసి ఊరుకుందామనుకున్నాను. నీ ఉత్తరంలో కోపం నాకు కొత్త కాదు. కానీ ఉన్న గుర్తు చెరిపి పంపమని నువ్వు అడగడం నాకు కొత్త. బడిలో హాజరు పట్టీలో ఒక గైరుహాజరీ దిద్దినందుకు నన్ను ఎండలో నిలబెట్టిన మనిషివి నువ్వు. అయ్యగారితో నేను మాట్లాడలేదు. ఆ మాట అన్నందుకు నాకు ఏడుపు వచ్చింది.

ఈ రోజు బాలమ్మత్త ఇంటికి వెళ్ళాను. ఆమె ఇక్కడే గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేస్తోంది, రైల్వే గేటు అవతల ఒక గదిలో ఉంటుంది. నువ్వు ఆమె కోసం ఆ కథ చెప్పబోతున్నావని చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ఆమె గిన్నె కడుగుతున్నది ఆపి, నన్ను అట్లే చూసింది.

"మళ్లా నన్ను ఆడ నిలబెట్టాలని ఉండాదా మీ నాయనకు?" అంది. "నాకు కనికరం యాల పాపా? రెండువేల సంవత్సరం ఈస్టరు పొద్దు అందరి ముందర నిలబడి ఒప్పుకొన్యా. అయ్యగారు చెయ్యి పట్టుకొని లోపలికి తోడుకొని పాయ. బల్లకు పోతి. ఆ పొద్దే పిల్లకు బాప్తిస్మం ఇచ్చిరి, నువ్వే ఎత్తుకొని ఉంటివి. మీ నాయన ఆడికాడే పుస్తకంలో రాసినాడు. అప్పుడు నాకు సంతకం రాదు, నేను వేలిముద్ర ఏసినా. క్షమించేసినోళ్ళను మళ్లా క్షమించండని అడుగుతారా ఎవురన్నా? ఆ పుస్తకం తీసి చూపమను, సాలు."

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పిల్లను ఎత్తుకున్నది గుర్తు లేదు. కానీ ఆమె అబద్ధం చెప్పలేదు. చేతి వేలు నాకు చూపిస్తూ మాట్లాడింది.

అంటే ఆ వరుసలు పుస్తకంలో ఉండాలి. ఇప్పుడు లేవు. పెట్టె తాళాలు రెండే, ఒకటి నీ దగ్గర, ఒకటి చంద్రప్ప దగ్గర. నువ్వు చేసేవాడివి కాదు. అర్థమయింది కదా? ఆయన పేజీ చించాడు నాయనా, చించి, ఏమీ ఎరగనట్టు లేచి అభ్యంతరం చెప్పాడు. పుస్తకంలో కుట్టు ఊడిందేమో, పేజీ నంబరు తప్పిందేమో చూడమని అయ్యగారికి రాస్తాను.

నీ కథ సంగతి కూడా ఇంకొంచెం వెతికాను, నీ కోపం తగ్గుతుందేమోనని. ప్రతుల వివరాలు చూపించే కిటికీ ఒకటుంది సాఫ్ట్‌వేర్‌లో. ఆ కథ ఒకచోట నిలిచింది కాదట. కొన్ని ప్రతుల్లో యోహాను చివర ఉంది. కొన్నింటిలో లూకాలో ఉంది. ఎవరూ దాన్ని పారేయలేక, ఎక్కడ పెట్టాలో తెలియక, ఎవరి ఇంట్లో చోటుంటే వాళ్ళు ఉంచుకున్నట్టుంది. ఇంకో వింత చెబుతాను. వెయ్యేళ్ళు దాటిన ఒక ప్రతిలో ఆ కథ లేదు గానీ, అది ఉండాల్సిన చోట రాసినాయన ఖాళీ వదిలాడట. ఇక్కడ ఏదో ఉండాలని ఆయనకు తెలుసు. రాయలేదు. ఏమీ లేనట్టు నటించనూ లేదు.

ఇది చదివాక నాకెందుకో ఆ రాసినాయన మీద కోపం రాలేదు.

నీ
పవిత్ర

పెనుకొండ,
16-9-2024, సోమవారం

పవిత్రా,

ఈరప్ప వ్యాన్ స్టార్ట్ చేసి నిలబడ్డాడు, రెండు ముక్కలే రాస్తున్నాను. అయ్యగారికి ఏమీ రాయవద్దు. పేజీ చినగలేదు. కుట్టు ఊడలేదు. నాకు తెలుసు. చంద్రప్ప మాట ఎత్తవద్దు. నేను చూసుకుంటాను. ఎందుకని అడగవద్దు.

నిన్న రెండో ప్రకటన చదివారు. చంద్రప్ప మళ్ళీ లేచాడు. నిఖిత మూడో వరుసలో తల ఎత్తుకొనే కూర్చుంది.

నాయన

హిందూపురం,
17-9-2024, మంగళవారం

నాయనా,

నీ చీటీ నిన్న సాయంత్రం అందింది. అప్పటికే ఆలస్యమయింది. ఆదివారమే అయ్యగారికి ఫోన్‌లో సందేశం పెట్టేశాను. ఆయన వెంటనే చంద్రప్పను పిలిపించి తాళం చెవి తీసుకున్నారట. కమిటీ తేల్చేదాకా పెట్టె అయ్యగారి ఇంట్లోనే ఉంటుందట. నిన్న దాసమ్మ నాకు ఫోన్ చేసింది.

"ఏం పాపా, మా ఆయప్ప దొంగా? ఇరవై ఏండ్లు గుడి తాళం మోసినాడు, ఒక్క పొద్దు దేవుని చాప కూడా ఇంటికి తేలేదు. వీధిలో అందరూ మా ఇంటిపక్కే చూస్తాండారు. ఆయప్ప నిన్నటి నుంచి గంజి కూడా తాగలే" అని ఏడ్చింది.

ఆ తర్వాత నీ చీటీ చదివాను. పేజీ చినగలేదని నీకెట్లా తెలుసు? తెలిస్తే మొదటి రోజే ఎందుకు చెప్పలేదు? నీకు ఆయనంటే భయమని నాకిప్పుడు తెలిసింది. ఎదురింటి మనిషితో తగవు ఎందుకని, ఒక పిల్ల పెండ్లి చెడిపోతున్నా పుస్తకం గురించి నోరు మెదపకుండా, బ్రాకెట్లు చెరిపిన కాగితంతో గట్టెక్కాలని చూస్తున్నావు. నేను ఇట్లాంటి మాట నీకు రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

ముత్యాలప్ప ధర్మవరం నుంచి కబురు చేశాడు. శనివారం తానే కమిటీకి వస్తాడట. పత్రం చేతికి వస్తే సరి. లేకపోతే ఆ సాయంత్రమే వేరే సంబంధం చూసుకుంటారట. నిఖిత నాతో ఫోన్‌లో ఒక్కటే అడిగింది: "మాస్టరు తాతకు గుర్తుండాదా అక్కా, నా బాప్తిస్మం?"

నేనేం చెప్పాలి?

పవిత్ర

పెనుకొండ,
19-9-2024, గురువారం

అమ్మా,

గుర్తుంది. ఆ పిల్లకు తెల్ల గౌను వేశారు, అది పొడుగై నీ మోకాళ్ళ దాకా వేలాడింది. నీళ్ళు పడగానే ఏడవలేదు, తుమ్మింది. అందరూ నవ్వారు. నేనే రాశాను. బాలమ్మ వేలికి సిరా పూసింది కూడా నేనే.

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆరు కాగితాలు చించాను.

ఇప్పుడు పెట్టెలో ఉన్నది ఆ పుస్తకం కాదు. 2003లో పాత పుస్తకాన్ని చెదలు తిన్నాయి. ఆ ఎండాకాలం సెలవుల్లో వరండాలో కూర్చొని మొత్తం తిరగ రాశాను. నీకు గుర్తుండాలి, నువ్వు పక్కన కూర్చొని స్కేలు పెట్టి ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టి ఇచ్చేదానివి. బాలమ్మ వరుసలు వచ్చినప్పుడు అప్పటి అయ్యగారు నా చేతి మీద చెయ్యి పెట్టారు. "ఈ రెండూ ఇప్పుడు వద్దు మాస్టరూ. తండ్రి పేరు గడిలో ఏం రాస్తావు? పైవాళ్ళు వచ్చి చూస్తే మనకే తలవంపులు. తర్వాత చూద్దాం" అన్నారు. చెదలు తినకుండా మిగిలిన ఆ పేజీని ఆయన అక్కడే పొయ్యిలో వేశారు.

నేను ఏమీ అనలేదు. నేను మన సంఘం బడిలో అప్పటికి పదకొండేళ్ళుగా తాత్కాలిక ఉపాధ్యాయుణ్ణి. ఆ జూన్‌లో పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. పెట్టారు. ఆ జీతంతోనే నువ్వు చదివావు. ఇది నీ మీద వేయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

కానీ పూర్తిగా వదిలేయడానికి నా చెయ్యి రాలేదు. 112, 113 నంబర్లు వేసి, ఆ రెండు వరుసలూ ఖాళీగా వదిలాను. తర్వాత ఆయన చనిపోయారు. నేను రిటైరయ్యాను. "తర్వాత" ఎప్పుడూ రాలేదు. మొదటి ఆదివారం పుస్తకం తెరిచినప్పుడు చంద్రప్ప వేలు ఆ ఖాళీ మీదుగానే పోయింది. వరుస తప్పిందనుకొని ముందుకు జరిపాడు. నేను పక్కనే నిలబడి చూశాను. నోరు తెరవలేదు.

నీ ఉత్తరంలో ఆ ఖాళీ వదిలిన ఆయన సంగతి చదివినప్పుడు నా సంగతి నీకు ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. తర్వాత అర్థమయింది, నీకేమీ తెలియదని. ఇంకొకటి కూడా తట్టింది. ఆ కథలో ఆమెను పట్టుకొచ్చినవాళ్ళు శాస్త్రులు. వాళ్ళ పనే పుస్తకాలు రాయడం. నలభై ఏళ్ళు ఆ కథ చెప్పి, నేను ఎప్పుడూ ఆమె పక్కనే నిలబడ్డాననుకున్నాను.

ఆమెకు కనికరం అడగడం నాకు తేలిక. నా తప్పు ఒప్పుకోవడం కష్టం. అందుకే ఆ కథ పట్టుకున్నాను. అందుకే బ్రాకెట్లు చెరపమన్నాను. ఇప్పుడు చంద్రప్ప నా మూలంగా దొంగ అయ్యాడు. రోజూ కిటికీలోంచి చూస్తున్నాను, వాళ్ళ తలుపు తెరుచుకోవడం లేదు.

నాకు డెబ్భై రెండేళ్ళు. ఈ ఊర్లో నాకు ఉన్నది ఆ పుస్తకం మీద ఉన్న నమ్మకం ఒక్కటే. శనివారం చెబితే అదీ ఉండదు. నా రాత తప్పని తేలితే, నా చేతితో రాసిన తక్కిన వరుసలను ఎవరు నమ్ముతారు? పోయిన మీ అమ్మ పేరూ అందులోనే ఉంది. నాకు భయంగా ఉందమ్మా.

ఒకటి వెతికి చెప్పు. ఆ ఖాళీ వదిలినాయన తర్వాత దాన్ని నింపాడా?

నాయన

హిందూపురం,
20-9-2024, శుక్రవారం

నాయనా,

నింపలేదు. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆ పుటల ఫొటోలు దొరికితే చూశాను. ఆయన నింపి ఉండాల్సిందో కాదో నాకు తెలియదు, ఆయనకు అడిగేవాళ్ళు లేరు. నీకు ఉన్నారు. బాలమ్మత్త ఉంది, నువ్వూ ఉన్నావు. రేపటి దాకా సమయం కూడా ఉంది.

నీ మీద చాలా కోపంగా ఉంది. నీ ఉత్తరం చదివి బడిలో పిల్లలకు పాఠం చెప్పలేకపోయాను. నా చదువు ఆ రెండు వరుసల మీద నిలబడిందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇది ఇప్పట్లో పోదు, నీకు ముందే చెబుతున్నాను. అయినా నువ్వు చెప్పకుండా చనిపోయి ఉంటే ఇంకా ఎక్కువ కోపం వచ్చేది. ఆరు కాగితాలు చించి ఏడోది పంపావు కదా, అది చాలు నాకు ఈ రోజుకి.

చంద్రప్ప మామకు నేను కూడా క్షమాపణ చెప్పుకోవాలి. ఆ కాగితం ఇందులో వేరుగా పెట్టాను, ఆయన చేతికే ఇవ్వు. బాలమ్మత్తకు నీ ఉత్తరం చదివి వినిపించాను. రేపు సెలవు పెట్టి పెనుకొండకు వస్తానంది. నేనూ రావాలని ఉంది గానీ బడిలో పరీక్షలు, వదలడం లేదు.

బ్రాకెట్లతో ఉన్న ప్రింటునే తీసుకుపో. మాత్ర వేసుకొని పో.

నీ
పవిత్ర

పెనుకొండ,
22-9-2024, ఆదివారం

అమ్మా పవిత్రా,

వరుసగా చెబుతాను.

నిన్న పొద్దున కమిటీ కంటే ముందు ఎదురింటికి వెళ్ళాను. చంద్రప్ప తలుపు తీసి మళ్ళీ వేయబోయాడు. గడపలోనే నిలబడి మొత్తం చెప్పాను. నీ కాగితం ఇచ్చాను. ఆయన చదివి, నోరు తెరిచి చాలాసేపు అరిచాడు. చెవుడు ఉన్నందుకు మొదటిసారి సిగ్గుపడ్డాను, తిట్లు పడాల్సిన మనిషికి అవి వినపడకపోతే ఎట్లా? వెనక దాసమ్మ కొంగు నోట్లో పెట్టుకొని నిలబడింది.

కమిటీలో తొమ్మిదిమంది కూర్చున్నారు. ఒక పక్క ముత్యాలప్ప, ఇంకో పక్క నిఖిత, బాలమ్మ. అయ్యగారి ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. నేను వంగి చూశాను. తెర మీద యోహాను ఎనిమిదో అధ్యాయమే, బ్రాకెట్లతో సహా. నేను అదే ఎత్తుకుంటానని ఆయన సిద్ధపడి వచ్చారు. నీ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. "ఇది నాకూ తెలుసు అయ్యగారూ, నేను ఆ కథ చెప్పడానికి రాలేదు" అన్నాను. ఆ ఖాళీ వదిలినాయన సంగతి చెప్పాను. పుస్తకం తెరిచి 112, 113 చూపాను. తక్కినది నీకు రాసినట్టే చెప్పాను, నా పర్మనెంటు కాగితంతో సహా. నా గొంతు ఎంత గట్టిగా ఉందో నాకు తెలియదు. బయట ఆడుకునే పిల్లలు ఆగి కిటికీ దగ్గరికి వచ్చారు కాబట్టి గట్టిగానే ఉండి ఉంటుంది.

ప్రశ్నలు చీటీల మీద రాసి నాకు ఇవ్వడం మొదలుపెట్టారు. అయ్యగారు రాశారు: "మీ మాట తప్ప సాక్ష్యం ఉందా?" నేను లేదన్నాను. అప్పుడు చంద్రప్ప కాగితం లాక్కొని ఏదో రాసి, నాకు కాదు, అయ్యగారికి ఇచ్చాడు. ఆయన చదివి నా వైపు తిప్పారు. "ఆ పొద్దు రొట్టె పళ్ళెం పట్టుకొన్యది నేనే. బాలమ్మకు ఇచ్చినా. నాకు గుర్తే. మాస్టరు పుస్తకంలో లేదు గదా అని, ఆయమ్మను మళ్లా ఆపినారేమో అనుకొంటి." ఆ చీటీ నడివయసు వాళ్ళందరి చేతులూ తిరిగింది. ఒక్కొక్కరే తల ఊపారు. వాళ్ళంతా ఆ ఈస్టరు నాడు గుడిలో ఉన్నవాళ్ళే. కళ్ళతో చూసినదాన్ని వదిలేసి నా పుస్తకాన్ని నమ్మారు. అంత నమ్మకంతో నేను చేసింది ఇది.

కమిటీ తీర్మానం: ఆ రెండు వరుసలూ నిన్నటి తేదీతో నింపాలి, ఎందుకు ఆలస్యమయిందో పక్కన రాయాలి, అందరూ సంతకం పెట్టాలి. ఆ తర్వాత నేను కార్యదర్శిని కాను. పుస్తకం మొత్తం అయ్యగారు ఒకసారి సరిచూస్తారు. ఇవన్నీ న్యాయమే. మీ అమ్మ పేరు దగ్గర వేలు పెట్టి ఆయన "ఇది సరే" అన్నట్టు తల ఊపారు, మంచి మనిషి.

నేనే రాశాను. నీ ఎర్ర పెన్సిలు గీత మీద అక్షరాలు నిలబడలేదు. తండ్రి పేరు గడి దగ్గర ఆగాను. నిఖిత లేచి వచ్చి నా చేతిలో పెన్ను తీసుకొని, తానే "బాలమ్మ" అని రాసి నాకు తిరిగి ఇచ్చింది. అయ్యగారు అడ్డు చెప్పకుండా పత్రం రాసిచ్చారు. ముత్యాలప్ప పత్రం రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, బస్సు టైమైందని లేచాడు. పోయేముందు నిఖిత తల మీద చెయ్యి వేశాడు.

ఈ రోజు మూడో ప్రకటన. నేను ఎప్పటిలా ముందు బల్ల మీద కాకుండా వెనక గోడ దగ్గర కూర్చున్నాను. అయ్యగారి పెదవులు కదలడం, ఆగడం చూశాను. అభ్యంతరం ఉంటే లేవమని అడిగే చోటు అది. నాకు కనిపించేవి వీపులు. ఒక్కొక్క వీపు మీద కన్ను పెట్టి చూశాను. ఎవరూ లేవలేదు. చంద్రప్ప చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని కూర్చున్నాడు. అయ్యగారు ఇంకో పేజీ తిప్పారు. అప్పుడు ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఒకటి చెప్పడం మరిచాను. నిన్న బాలమ్మకు సిరా డబ్బా జరిపాను, వేలిముద్ర కోసం. ఆమె దాన్ని నా వైపుకే తోసేసి, పెన్ను అడిగి, సంతకం పెట్టింది. ఫ్యాక్టరీలో నేర్చుకుందట. తర్వాత ఒక చీటీ తీసుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసి, నా చేతిలో పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయింది. ఆ చీటీ నీకు పంపను, నా దగ్గరే ఉంచుకుంటాను. అందులో ఉన్నది ఇంతే:

"రెండు వరసలు రాసేకి ఇరవై ఒక్క ఏండ్లు పట్టెనా అన్నా."

నీ నాయన